అడగమని ఆయనే చెప్పిన ప్రశ్న

పరిశోధనలో కొత్తగా చేరిన పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి ముందే చెప్పేస్తాను. పి.హెచ్.డి. చివర జరిగే బహిరంగ వైవాలో ప్రేక్షకుల్లోంచి ఎవరో ఒకరు లేచి, కళ్ళజోడు సర్దుకుని, ఎంతో ఆసక్తిగా ప్రశ్న అడుగుతారు చూశారా, ఆ ప్రశ్న ముందే మాట్లాడుకున్నది. అడిగేవాళ్ళకు ప్రశ్న తెలుసు, చెప్పేవాళ్ళకు జవాబు తెలుసు, ముందు వరసలో కూర్చున్న పెద్దలకు ఈ రెండూ తెలుసు. దాన్ని మోసం అనుకోకండి. ఇంటికొచ్చినవాళ్ళను "భోంచేశారా" అని అడిగినట్టు, అడగాలి గనక అడుగుతారు. నా ఉద్యోగ జీవితంలో అలాంటివి బోలెడు అడిగాను. నాకు నోటి దురుసు ఎక్కువని కాలేజీలో పేరు. అందుకని నేను లేచి అడిగితే వైవాకు కాస్త బరువు వస్తుందని పిలిచి మరీ అడిగించుకునేవారు. ఒక్కసారి మాత్రం ఒక ప్రశ్న అడుగుతానని ఒప్పుకుని, ఇంకో ప్రశ్న అడిగి వచ్చాను. ఆ రోజు సంగతి ఇది.

మా కాలేజీ రైలు జంక్షన్ ఉన్న ఊళ్ళో ఉండేది. స్టాఫ్‌లో ఆ ఊరివాళ్ళు తక్కువ. కొందరు సూళ్లూరుపేట నుంచి రైల్లో, కొందరు కోట నుంచి బస్సులో, నెల్లూరు వైపు వాళ్ళం కార్లు పంచుకుని వచ్చేవాళ్ళం. నాది వెంకటాచలం. అలా వచ్చేవాళ్ళను బ్యాచ్‌లు అనేవాళ్ళం. డిపార్ట్‌మెంట్‌లో ఎవరితో పడినా పడకపోయినా ఫర్వాలేదు గానీ బ్యాచ్‌తో మాత్రం చెడకూడదు. చెడితే సాయంత్రం సీటుండదు, దారి పొడుగునా మాట్లాడే దిక్కుండదు. పెళ్ళయినా, గృహప్రవేశమైనా పిలుపులన్నీ ఈ బ్యాచ్‌ల లెక్కలోనే నడిచేవి.

మా మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్‌లో నా తర్వాత సీనియర్ ఒకాయన ఉండేవారు. కోట ఆయనది. ఆదివారాలు అక్కడి చర్చిలో హార్మోనియం వాయించేవారు. నాది ద్రవగతి శాస్త్రం, ఆయనది ఆల్జీబ్రా. ఆయన గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. వెనక బెంచీల పిల్లలు కూడా వినలేదు, అది వేరే సంగతి. నడివయసు దాటాక పార్ట్ టైంలో పి.హెచ్.డి. మొదలుపెట్టారు. గైడ్ ఆయనకంటే వయసులో చిన్నవాడు. అయినా గైడ్ ఫోన్ చేస్తే ఈయన కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేవారు. "ఆయనకేమైనా కనపడుతుందా సార్, కూర్చోండి" అంటే, "అలవాటు మేడం" అనేవారు.

ఆ పి.హెచ్.డి. మీద ఒక కుర్చీ ఆధారపడి ఉంది. మా ప్రిన్సిపాల్ రిటైరవుతున్నారు. సీనియారిటీలో నేను ముందున్నా, నాకు ఉద్యోగంలో మిగిలింది కొద్ది నెలలే. పైగా నాకా కుర్చీ మీద ఎప్పుడూ మోజు లేదు. అంటే వరస ఆయనదే. కానీ అందులో కూర్చోవాలంటే పేరు ముందు డాక్టర్ అని ఉండాలి. ఇంటర్వ్యూ నాటికి డిగ్రీ చేతికి వస్తే ప్రిన్సిపాల్, రాకపోతే తర్వాతి వాళ్ళకు పోతుంది. ఆయన రిటైర్మెంటుకూ అట్టే కాలం లేదు, ఇంకో అవకాశం రాదు. థీసిస్ చదివిన ఇద్దరు ఎగ్జామినర్లూ బాగుందని రాశారు. మిగిలింది వైవా ఒక్కటే. మా కాలేజీ పరిశోధన కేంద్రం కాబట్టి దాన్ని మా సెమినార్ హాల్లోనే పెట్టారు.

ఆయన థీసిస్ దేని గురించో చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. భయపడకండి, కొంచెమే చెబుతాను. పూర్ణసంఖ్యల్లో పన్నెండు, ఇరవై నాలుగు, ముప్పై ఆరు ఇలా పన్నెండుకు గుణిజాలన్నీ ఒక గుంపు అనుకోండి. ఇలాంటి గుంపునే ఐడియల్ అంటారు. ఒక ఐడియల్‌ని ఇస్తే దాన్ని ఒక పద్ధతి ప్రకారం పెంచి ఇచ్చే నియమాన్ని క్లోజర్ అంటారు. ఉదాహరణకు, ఒక నియమం పన్నెండు గుణిజాల గుంపును ఆరు గుణిజాల గుంపుగా పెంచుతుంది. ఏ నియమాన్నయినా క్లోజర్ అనాలంటే మూడు షరతులున్నాయి. ఉన్నదాంట్లోంచి ఏదీ పోగొట్టకూడదు. పెద్ద గుంపును ఇస్తే చిన్న గుంపుకు వచ్చినదానికంటే తక్కువ ఇవ్వకూడదు. ఇక మూడోది, ఈ కథంతా నడిచేది దాని మీదే: ఒకసారి పెంచాక మళ్ళీ అదే నియమం వాడితే ఇంకేమీ పెరగకూడదు. చేస్తే ఒక్కసారితో అయిపోవాలి.

ఇలాంటి క్లోజర్లు ఎన్నో ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి, ఒకదాని తర్వాత ఒకటి వాడుకుంటూ పోతే వాటిలో వాటికి ఎలాంటి అమరిక వస్తుందన్నది ఆయన ప్రశ్న. ఆయన జవాబు: ఏ రెండు క్లోజర్లు తీసుకుని వరసగా వాడినా వచ్చేది మళ్ళీ ఒక క్లోజరే. మూడో చాప్టర్లో ఆ సిద్ధాంతం ఉంది. తర్వాతి చాప్టర్లన్నీ దాని భుజాల మీద కూర్చున్నవే.

వైవా సోమవారం. శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక, ముందే మాట్లాడుకున్న ప్రశ్నను ఇంకోసారి సరిచూసుకోవడానికి కోటలో వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ అక్కడి హైస్కూల్లో టీచర్. వైవా అయ్యాక అభ్యర్థి అందరికీ భోజనం పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. ఆ భోజనానికి ఎవరెవరిని పిలవాలన్నది అప్పటికే వాళ్ళింట్లో పెద్ద రభసగా ఉంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆవిడ నన్ను పట్టుకుంది.

"అక్కా, మీరే చెప్పండి. కెమిస్ట్రీలో ఒక్కాయన్ని పిలిస్తే కెమిస్ట్రీ మొత్తాన్ని పిలవాల గదా? సరే, పిలిచినాం. వాళ్ళలో ఇద్దరు సూళ్లూరుపేట రైల్లో వస్తారు. వాళ్ళని పిలిచి, రైల్లో పక్కన కూర్చునేవాళ్ళని వదిలేస్తే ఏం బాగుంటది? సరే, రైలు బ్యాచ్ మొత్తాన్నీ పిలిచినాం. ఆ బ్యాచ్‌లో తెలుగు మేడం ఉండాది. ఆమెని పిలిచినాక తెలుగు డిపార్ట్‌మెంట్‌ని పిలవకుండా ఉంటామా? వాళ్ళలో మళ్ళా నెల్లూరు కార్లోళ్ళు ఉండారు. అయిపోయిందనుకునేసరికి మళ్ళా మొదటికొస్తుండాది!"

"పిలుద్దాం లేవే, అందరినీ పిలుద్దాం," అన్నారు ఆయన నవ్వుతూ.

"వండేది మీరా?"

నేనూ నవ్వాను. టీ గ్లాసు నోటి దాకా తీసుకుపోయి ఆగిపోయాను. ఒకరిని పిలిస్తే వాళ్ళ డిపార్ట్‌మెంటంతా పిలవాలి, ఇది ఒక నియమం. ఒకసారి చేస్తే అయిపోతుంది. ఒకరిని పిలిస్తే వాళ్ళ బ్యాచ్ అంతా పిలవాలి, ఇది ఇంకో నియమం. అదీ ఒకసారి చేస్తే అయిపోతుంది. విడివిడిగా రెండూ బుద్ధిమంతులే. రెండిటినీ వరసగా వాడితే మాత్రం పని అవడం లేదు, మళ్ళీ చేస్తే మళ్ళీ పెరుగుతోంది. నేను ఆయన వంక చూశాను. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

"సార్, థీసిస్ ఒకసారి ఇవ్వండి. మనం అనుకున్న ప్రశ్న అందులో ఎక్కడొస్తుందో చూసుకుంటాను," అన్నాను.

మూడో చాప్టర్లో ఆ రుజువు నాలుగు వరసలు కూడా లేదు. మొదటి క్లోజరు, రెండోది, మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది అని రాసి, మధ్యలో ఉన్న రెండిటినీ అటూ ఇటూ మార్చేశారు. మార్చాక ఒకే క్లోజరు రెండుసార్లు పక్కపక్కన పడుతుంది కాబట్టి ఒక్కటిగా కుదించేశారు. అంతే, అయిపోయింది. మార్చవచ్చో లేదో ఎక్కడా అడగలేదు. ఆయన పని చేసేది కూడికలు, గుణకారాలు నడిచే కమ్యుటేటివ్ రింగులలో. అక్కడ ఏ రెండిటిని గుణించినా ముందువెనకలతో పనిలేదు. ఆ అలవాటు ఏళ్ళ తరబడి చేతికి పట్టేసి, సంఖ్యలను మార్చినట్టే నియమాలను కూడా మార్చేసింది. ఇద్దరు ఎగ్జామినర్లూ ఆ రంగం వాళ్ళే, వాళ్ళ చేతులకూ అదే అలవాటు. నాలాంటి నీళ్ళ లెక్కల మనిషికి ఆ అలవాటు లేదు గనక కంటికి గుచ్చుకుంది. ఇందులో నా తెలివేమీ లేదు.

అయినా అప్పుడు నోరు మెదపలేదు. ఎక్కడైనా ఏదైనా షరతు పెట్టారేమో, నాకు కనపడలేదేమో అనుకుని థీసిస్ సంచీలో వేసుకుని బస్సెక్కాను. దారిలో రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతుంటే చూస్తూ ఒక ఉదాహరణ కోసం వెతికాను. అది చాలా చిన్నది, ఎక్కాలు వచ్చినవాళ్ళకు చాలు. సంఖ్య చిన్నదయ్యేకొద్దీ దాని గుణిజాల గుంపు పెద్దదవుతుందని గుర్తుంచుకోండి, అంతే. మొదటి నియమం ఏ గుంపునిచ్చినా పెంచుకుంటూ పోయి, ఒకటి, నాలుగు, పదహారు ఇలాంటి వాటి గుణిజాల దగ్గర మాత్రమే ఆగుతుంది. రెండోది ఒకటి, రెండు, ఎనిమిది ఇలాంటి వాటి దగ్గర మాత్రమే. పదహారు గుణిజాలతో మొదలుపెట్టండి. మొదటి నియమం కదిలించదు, రెండోది ఎనిమిదికి తెస్తుంది. ఇక ఆగాలి కదా? ఇంకోసారి చేయండి. మొదటిది ఎనిమిదిని నాలుగుకు తెస్తుంది, రెండోది నాలుగుని రెండుకు తెస్తుంది. ఆగలేదు. మూడో చాప్టర్ తప్పు.

మర్నాడు ఆదివారం. ఫోన్లో చెప్పే మాట కాదని మళ్ళీ కోట వెళ్ళాను. ఆరాధన అయిపోయి జనం వెళ్ళిపోతున్నారు. ఆయన హార్మోనియం మూసి బయటికి వచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోయారు. చర్చి మెట్ల మీద కూర్చున్నాం. నేను పదహారు గురించి చెప్పాను. ఆయన వేలితో మెట్టు మీద రాసుకుంటూ రెండుసార్లు చూసుకున్నారు. వాదించలేదు.

"మ్యాట్రిక్సుల క్లాసులో ప్రతి సంవత్సరం పిల్లలకి చెప్తా మేడం, ముందుది వెనక్కి మారిస్తే జవాబు మారిపోతదని," అన్నారు. "ప్రతి సంవత్సరం చెప్తా."

తర్వాత గైడ్‌కి ఫోన్ చేశారు. మెట్ల మీద నుంచి లేచి నిలబడ్డారు. నాకు ఇటువైపు మాటలే వినపడ్డాయి. "అవును సార్. కాదు సార్, ఉదాహరణ కరెక్టే సార్. చూసుకున్నా సార్. సరే సార్. అట్నే సార్." ఫోన్ జేబులో పెట్టుకుని నా పక్కన కూర్చున్నారు.

"ఏమన్నారు?"

"రేపు నోరు తెరవబాకన్నాడు. ఇద్దరు ఎగ్జామినర్లు ఒప్పుకున్నాక మనం గెలికేదేందన్నాడు. డిగ్రీ రానీ, తర్వాత సవరణ అచ్చు వేద్దామన్నాడు. ఆయన చెప్పేది కూడా నా మంచికే మేడం. సరే అని మాటిచ్చినా."

నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. "మంచి మాటే చెప్పారు," అన్నాను. "ముందు కుర్చీలో కూర్చోండి సార్, సవరణ ఎప్పుడైనా వేసుకోవచ్చు." జీవితమంతా ఎదుటివాళ్ళ తప్పులు మొహం మీదే చెప్పిన మనిషిని, ఆయన విషయంలో నాకు నోరు మూసుకోవడమే న్యాయంగా తోచింది. ఆయన ఎన్ని సాయంత్రాలు పెట్టారో నేను చూశాను. స్టాఫ్ రూంలో అందరూ కబుర్లాడుకుంటుంటే ఆయన మూలన కూర్చుని రాసుకోవడం చూశాను.

ఆయన నా వైపు తిరిగారు. తర్వాత, "మేడం, నేను నోరు తెరవను. మాటిచ్చినా గదా. అయితే ఎవురైనా అడిగితే జవాబు చెప్పాల గదా?" అన్నారు.

నాకు అర్థమైంది, అర్థం కానట్టు ఊరుకున్నాను.

"మీరు అడగండి. మనం మాట్లాడుకున్నది కాదు, ఇది."

"నాకేం పట్టింది? కుర్చీ వద్దా మీకు?"

"ఎందుకొద్దు? కావాల. మా ఆమెకి ఇంకా కావాల. కానీ మేడం, రేపు నేను డాక్టరైనాక ఎవుడో పిల్లోడు నా థీసిస్ తీస్తాడు. రాసినోడు డాక్టరు గదా, నిజమే అయ్యుంటదని దాని మీద వాడిదొకటి కడతాడు. వాడు పెట్టే ఏళ్ళు ఎవురిస్తారు?"

"అయితే ఇంకెవరినైనా అడగమనండి."

"ఇంకెవురు అడిగినా నామీద కక్షతో అడిగినారనుకుంటారు. మీరైతే అందరినీ అట్నే అడుగుతారు. ఎవురికీ అనుమానం రాదు." అని, నా మొహం చూసి కంగారు పడ్డారు. "అంటే, తప్పుగా అనలా మేడం."

తప్పుగా అనలేదు, ఉన్నమాటే అన్నారు. అందుకే కాస్త నొప్పి పుట్టింది. చివరికి ఒప్పుకున్నాను. లేస్తుంటే ఆయన ఇంకో మాట అన్నారు. "మా ఆమెకి చెప్పబాకండి. వంటోళ్ళకి చెప్పేసింది. పాస్టర్ గారిని కూడా పిలిచేసింది."

సోమవారం సెమినార్ హాలు నిండిపోయింది. పిలుపుల పుణ్యమా అని అన్ని డిపార్ట్‌మెంట్లూ, అన్ని బ్యాచ్‌లూ వచ్చాయి. చెన్నై నుంచి వచ్చిన ఎగ్జామినర్ ముందు వరసలో, పక్కన గైడ్, ఆ పక్కన ప్రిన్సిపాల్. చివరి వరసలో వాళ్ళావిడ కొత్త చీరలో కూర్చుని ఉంది. ఆయన చెప్పుకుంటూ పోయారు, ఎప్పటిలా వెనక్కి వినపడనంత మెల్లగా. మూడో చాప్టర్ దగ్గర తడబడలేదు, అలాగని ఆగనూ లేదు. అయ్యాక గైడ్ లేచి, ప్రేక్షకుల్లో ఎవరికైనా సందేహాలుంటే ఒకటి రెండు అడగవచ్చన్నారు. అంటూ నా వైపు చూశారు. అది మామూలే, నేను అడుగుతానని అందరికీ తెలుసు.

లేచాను. "మూడో చాప్టర్లో రెండు క్లోజర్లను వరసగా వాడితే క్లోజరే వస్తుందన్నారు. రుజువులో మధ్యలో వాటి వరస మార్చారు. ఏ అధికారంతో మార్చారు?" అన్నాను. ఆ చివరి మాట మా ఒప్పందంలో లేదు, నా నోటి నుంచి అలా వచ్చేసింది.

గైడ్ మొహం మాడిపోయింది. "వివరాలు తర్వాత విడిగా మాట్లాడుకోవచ్చు మేడం," అన్నారు.

"ఇప్పుడే చెప్తా సార్," అన్నారు ఆయన. హాలంతా వినపడింది. "మార్చకూడదు మేడం. ఆ సిద్ధాంతం తప్పు."

బోర్డు వైపు తిరిగి పదహారు రాశారు, ఎనిమిది, నాలుగు, రెండు రాశారు. చెన్నై ఆయన లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి, వేలితో ఒక్కొక్క మెట్టూ చూసుకున్నారు. "నేను దీన్ని చూడలేదే!" అన్నారు. "చదివి సంతకం పెట్టినానే!" ఆయన మంచి మనిషి. సిగ్గుపడ్డారు గానీ కోప్పడలేదు. "సరే, అది పోతే ఇక మిగిలేది ఏమి?" అని అడిగారు.

అప్పుడు నాకూ తెలియని సంగతి జరిగింది. ఆదివారం సాయంత్రం ఈయన ఊరికే కూర్చోలేదు. రెండు నియమాలనూ ఒకసారి వాడితే చాలదు, నిజమే. కానీ ఆపకుండా మార్చి మార్చి వాడుతూ పోతే ఐడియల్ పెరగడమే తప్ప తగ్గదు. తాను పని చేసే రకం రింగులలో ఏదీ అంతులేకుండా పెరగడానికి వీల్లేదు. కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుంది. ఆగినచోట వచ్చేదే ఆ రెండిటినీ ఇముడ్చుకున్న వాటిలో అన్నిటికంటే చిన్న క్లోజరు. "వరసగా వాడితే వచ్చే అమరిక లేదు సార్. దానికి బదులు ఇది ఉండాది," అని బోర్డు మీద ఒకదాని మీద ఒకటి గీతలతో కలిసిన చుక్కల బొమ్మ వేశారు. ఆయన గొంతు చివరి వరస దాకా వినపడింది. అన్నేళ్ళూ పక్క గదిలో పాఠం చెప్పిన మనిషి గొంతు అంత బాగుంటుందని నాకప్పుడే తెలిసింది.

చెన్నై ఆయన చాలాసేపు ఆ బొమ్మ చూశారు. "ఇది బాగుంది. అయినా ఇది ఈ థీసిస్‌లో లేదే," అన్నారు. అదే తీర్పు. ఈ థీసిస్‌కు డిగ్రీ ఇవ్వడం కుదరదు, తిరగరాసి మళ్ళీ సమర్పించాలి. అంటే మళ్ళీ ఎగ్జామినర్లు, మళ్ళీ నెలలు. ప్రిన్సిపాల్ ఇంటర్వ్యూ ఆ నెలలోనే. ఇక చెప్పేదేముంది.

గైడ్ బయటికి పోతూ నా దగ్గర ఆగారు. "సంతోషమేనా మేడం?" అన్నారు.

వంట అయిపోయి ఉంది గనక భోజనాలు ఆగలేదు. లైబ్రరీ వెనక షామియానా కింద అందరం కూర్చున్నాం. పాస్టర్ గారు వైవా మధ్యలో వచ్చి నేరుగా షామియానా కిందికే వెళ్ళారు, ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కళ్ళు మూసుకుని, ఈ సేవకుడికి డాక్టర్ పట్టా దయచేసినందుకు స్తోత్రాలు చెప్పి, ప్రిన్సిపాల్ పదవి కోసం కూడా ప్రార్థించారు. అందరం "ఆమేన్" అన్నాం. నేనూ అన్నాను, చెన్నై ఆయనా అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆకుల్లోకి చూస్తూ తిన్నాం. వాళ్ళావిడ తానే వడ్డించింది. నా దగ్గరికి వచ్చి పులుసు వేసింది, నా మొహం వంక చూడలేదు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది.

కాలేజీలో నా గురించి ఏమనుకున్నారో మీరు ఊహించుకోగలరు. సీనియర్నై ఉండి తోటివాడు పైకొస్తే ఓర్వలేకపోయానన్నారు. కార్లో మా బ్యాచ్ వాళ్ళు నేను ఎక్కగానే రేడియో పెట్టేవారు. ఆయన జరిగింది అందరికీ చెప్పేస్తానన్నారు. నేనే వద్దన్నాను. ఆయనే అడగమన్నారని తెలిస్తే, మాటిచ్చి తప్పించుకున్నాడని గైడ్ చేయి వదిలేస్తాడు. చేయి వదిలేస్తే తిరగరాయడం కూడా ఉండదు. అందుకని ఇద్దరం నోరు మూసుకున్నాం. కుర్చీ ఆయనకంటే చాలా జూనియర్‌కి పోయింది. ఆ కుర్రాడి ముందు ఈయన సెలవు చీటీ పట్టుకుని నిలబడటం నేను చూశాను. చూసినప్పుడల్లా, ఆ ఆదివారం నేను ఒప్పుకోకుండా ఉండాల్సిందేమో అని బాధపడ్డాను. మీకు నీతి చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన చేసింది సరైనదని నాకు తెలుసు. అది ఎంత ఖరీదైనదో కూడా తెలుసు. రెండోది చెప్పకుండా మొదటిదే చెప్పే పెద్దలను నమ్మకండి.

నేను రిటైరయ్యాను, తర్వాత ఆయనా అయ్యారు. ఆ తర్వాతే డిగ్రీ వచ్చింది, ఆ చుక్కల బొమ్మ మీద. మెచ్చుకుంటూ రాసినవాళ్ళలో చెన్నై ఆయన ఉన్నారు, గైడ్ కూడా చివరికి గర్వంగానే సంతకం పెట్టారు. అప్పుడు ఈయన స్వయంగా గైడ్‌కి, పాత స్టాఫ్‌కి జరిగింది చెప్పేశారు. కొందరు నాకు ఫోన్ చేశారు. వాళ్ళావిడ చేయలేదు. ఆయన ఇంట్లో చెప్పలేదేమో, లేక చెప్పినా ఆవిడ నమ్మలేదేమో అనుకున్నాను.

మొన్నామధ్య ఏదో పని మీద కోట వెళ్ళి, తిరుగు బస్సు కోసం బస్టాండులో కూర్చున్నాను. వాళ్ళావిడ కూరగాయల సంచీతో అటు పోతూ నన్ను చూసింది. పోతుందనుకున్నాను. వచ్చి నా పక్కన కూర్చుంది.

"సార్ చెప్పారా, ఆ ప్రశ్న సంగతి?" అని నేనే అడిగాను.

"ఆయన చెప్పేదేంది?" అంది. "ఆ ఆదివారం మీరిద్దరూ మెట్ల మీద మాట్లాడుకుంటుంటే నేను చర్చి లోపల కిటికీ కాడ చాపలు చుడతా ఉండాను. అంతా విన్నా."

"మరి వంట?"

"వంట ఆపితే నాకు తెలుసని ఆయనకి తెలిసిపోతది. నేను ఒక్క మాట అన్నా, మొహం కొంచెం మాడ్చుకున్నా ఆయన ఆగిపోయేవోడు. ఆ మనిషి సంగతి నాకు తెలవదా? అందుకే నోరు మూసుకొని వంటోళ్ళకి ఇంకో రెండు రకాలు ఎక్కువ చెప్పినా. పాస్టర్ గారు ప్రార్థన చేస్తుంటే మాత్రం తట్టుకోలేకపోయినా."

"అన్నీ తెలిసి, ఇన్నాళ్ళూ నాతో ఎందుకు మాట్లాడలేదమ్మా?"

ఆవిడ సంచీలో కూరగాయలు సర్దుకుంది. "ఆ కుర్చీలో ఆయన కూర్చుంటే చూడాలని నాకు ఎంత ఉండిందో మీకు తెలవదు. అంత కోపాన్ని యాడో ఒకచోట పెట్టుకోవాల గదా. ఆయన మీద పెట్టుకుంటే ఒకే ఇంట్లో ఎట్టా బతికేది? మీరైతే వెంకటాచలంలో ఉంటారు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. "ఆ కోపం ఇంకా ఉందా?" అన్నాను.

"ఉండాది," అంది ఆవిడ. "పోయినప్పుడు నేనే చెప్తాలే అక్కా."